మొదటి ఏడాది ఏ జబ్బు తెచ్చుకోవాలి?

మా అమ్మకి అరవై దాటాక ఆసుపత్రిలో పడుకోవాలని కోరిక పుట్టింది. జబ్బేమీ లేదు. ఉన్నదల్లా ఆడపడుచు మీద కుళ్ళు.

ఆ ఆడపడుచు, అంటే మా మేనత్త, శ్రీనగర్ కాలనీలో ఉంటుంది. కడుపులో రాళ్ళున్నాయంటే సోమాజిగూడలో ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. మేం పరామర్శకి వెళ్తే, పరామర్శించే అవకాశమే ఆవిడ మాకివ్వలేదు. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు కూడా అంత ఉత్సాహంగా చెప్పరు. ఏసీ గదిట. మీట నొక్కితే మంచం దానంతటదే లేచి మనిషిని కూర్చోబెడుతుందిట. గోడకి టీవీట. అన్నిటినీ మించి, పొద్దున్నే టై కట్టుకున్న కుర్రాడొకడు తలుపు తట్టి, "ఇడ్లీనా, ఉప్మానా మేడం?" అని అడుగుతాడుట.

"నేను పర్సు తియ్యలేదు వదినా. సర్కారు బీమా కంపెనీ పాలసీ ఉందిగా. సంతకం పెట్టాను, వచ్చేశాను," అంది అత్త, గవర్నరుగారిలా వెనక్కి వాలి.

తిరిగొచ్చేటప్పుడు ఆటో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగింది. అమ్మ నా వైపు తిరిగి అంది: "నా జన్మలో నన్నెవరైనా ఇడ్లీనా, ఉప్మానా అని అడిగారటే?"

ఎవరూ అడగలేదు. మా ఇంట్లో మిగతా అందరం తినే పక్షం.

"నాకూ ఓ పాలసీ తియ్యి," అంది.

అమీర్‌పేట అంతా కంప్యూటర్ కోర్సుల మీద బతుకుతున్న రోజులవి. రోడ్డు మీద చేతులూపుకుంటూ నడిస్తే చాలు, ఎవడో ఒకడు కోర్సు కాగితం చేతిలో కుక్కేవాడు. కూరగాయలకి వెళ్ళిన మా అమ్మకి కూడా ఇచ్చేవారు. వాటి మీద కరివేపాకు ఆరబెట్టేది. ప్రతి మేడకీ కింద నుంచి పై దాకా బోర్డులే తప్ప గోడ కనిపించేది కాదు. అలాంటి ఒక మేడలో, ఫ్యాను తిరిగినా గాలి రాని గదిలో, నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేదాన్ని. ఒక్క సాఫ్ట్‌వేరూ రాసిన పాపాన పోని నేను, ఎవరో రాసినదాంట్లో తప్పులు పట్టడం ఎలాగో వందలమందికి నేర్పాను. వాళ్ళలో చాలామంది నాకంటే పెద్ద జీతాలకి పోయారు. అందుకని అమ్మకి నా మీద ఒక నమ్మకం ఉండేది: తప్పులు పట్టడం నా వృత్తి కాబట్టి, పాలసీలో తప్పులు నేనే పట్టాలి.

నాన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. కాకినాడలో సర్వీసులో ఉండగానే పోయారు. ఆ తర్వాత అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. అమీర్‌పేట సందులో ఒక ఇంటి పై వాటాలో ఉండేవాళ్ళం. కింద ఇంటావిడ. అందరూ ఆవిణ్ని ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళు, నేనూ అదే అనేదాన్ని. భర్త పోయాక ముందు గదులు జిరాక్స్ షాపుకీ, వెనక గదులు హాస్టల్ కుర్రాళ్ళకీ అద్దెకిచ్చి, మధ్య గదిలో తాను మహారాణిలా ఉండేది. అమ్మ ఆవిణ్ని "అక్కగారూ" అనేది. ఆవిడ అమ్మని "చెల్లే" అనేది. ఇద్దరికీ ఒకరి వంట మీద ఒకరికి గౌరవం లేదు. అదొక్కటి తప్ప అన్నీ కలిశాయి.

నేను విచారించగా తేలిందేమిటంటే, ప్రభుత్వానికి బీమా కంపెనీలు ఒకటి కాదు, నాలుగున్నాయి. నాలుగింటికీ యజమాని సర్కారే. నాలుగూ ఒకదానితో ఒకటి పోటీ. ఒకే తండ్రి పిల్లలు ఆస్తి కోసం కొట్టుకున్నట్టు వాటి ఏజెంట్లు అమీర్‌పేటలో కొట్టుకునేవారు. వాళ్ళలో ఒకడు మాకు దొరికాడు. బోరబండ మనిషి. హెల్మెట్ ఎప్పుడూ మోచేతికే ఉండేది, తలకి పెట్టుకోగా నేను చూడలేదు. మనుషుల ప్రాణాలకి హామీ ఇచ్చేవాడికి ఆ మాత్రం ధీమా ఉండాలి కాబోలు.

"అమ్మా, మీరు జర ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు చాప మీద కాగితాలు పరిచి. "రెండు రకాలున్నయ్. ఒకటి మామూలుది. మంచిగుంటది. కానీ మీ వయసుకి కొత్తగ ఇయ్యాలంటే కంపెనీవాళ్ళు మస్తు ఆలోచిస్తరు. ఇంకోటి పెద్దవాళ్ళకని స్పెషల్‌గ తెచ్చిన్రు. దాన్ల బిల్లుల కొంత వాటా మీరు సుత పెట్టుకోవాలె."

"స్పెషల్ అంటే ఎక్కువివ్వాలి కదా నాయనా? తక్కువిస్తారేంటి?"

"గట్లనే ఉంటది అమ్మా."

"గది?"

"గదికి ఒక హద్దుంటది. రోజుకి ఇంత అని. గా హద్దు దాటిన గది తీస్కుంటే గది పైసలే కాదు, డాక్టరుది, ఆపరేషన్‌ది, అన్నీ అదే లెక్కన కోస్తరు."

నేను ఆ కాగితాలు రెండు పక్కలా పెట్టుకుని పోల్చడం మొదలుపెట్టాను. ఇచ్చే సౌకర్యాలన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. ఇవ్వనివన్నీ చీమ తలకాయంత అక్షరాల్లో. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్తూ నన్ను పైకి చదవమంది. చదివాను. మొదటి నెల ప్రమాదం జరిగితే తప్ప ఏదీ లేదు. కంట్లో శుక్లాలకి రెండేళ్ళు ఆగాలి. హెర్నియాకి రెండేళ్ళు. మొలలకి రెండేళ్ళు. కడుపులో రాళ్ళకి రెండేళ్ళు. మోకాలి చిప్ప మార్చుకోవాలంటే నాలుగేళ్ళు. పాలసీ తీసుకునేనాటికే ఉన్న ఏ జబ్బుకైనా నాలుగేళ్ళు.

అమ్మ పెసరట్టు తిప్పడం ఆపి, వంటింట్లోంచి అట్లకాడతో సహా వచ్చింది.

"మరి మొదటి ఏడాది ఏ జబ్బు తెచ్చుకోవాలి?"

ఏజెంటు నిజాయితీగా ఆలోచించాడు. "డెంగీ ఉన్నది అమ్మా. మలేరియా ఉన్నది. కాలిరిగినా ఇస్తరు."

"ఒక్క మంచి జబ్బు లేదే," అంది అమ్మ.

ఆ మాటలు మెట్ల మీద నుంచి వింటున్న ఖాలా పైకొచ్చి కూర్చుంది. ఆవిడకి మా ఇంట్లో ఎవరైనా కాగితాలు పరిస్తే కింద కూర్చోవడం చేతకాదు.

"చెల్లే, నీకు సెంటర్ గౌర్మెంట్ పెన్షన్ వస్తది కదా? మా భాయ్‌కి సుత వస్తది. వాళ్ళకి ఒక కార్డున్నది. ఒక్కసారి పైసల్ కడితే జిందగీ మొత్తం. ఏ బీమారీ ఉన్నా అడగరు. వయసెంతో సుత అడగరు. గీ సంచీ పట్టుకొచ్చిన అన్న అది చెప్పడు. చెప్తే ఆయనకేం రాదు."

ఏజెంటు నవ్వి చాయ్ తాగాడు. కాదనలేదు.

నేను కనుక్కుంటే ఖాలా చెప్పింది నిజమే. కేంద్ర పెన్షనర్లకి ఆరోగ్య పథకం ఒకటుంది. కుటుంబ పెన్షన్ తీసుకునేవాళ్ళకీ వర్తిస్తుంది. కాకినాడలో ఆ సదుపాయం లేదు కాబట్టి మాకెవరికీ దాని ఊసే తెలీదు. చిక్కల్లా ఏమిటంటే, అందులో నేరుగా సోమాజిగూడకి పోవడం కుదరదు. ముందు మనకి కేటాయించిన డిస్పెన్సరీకి వెళ్ళాలి. అక్కడి డాక్టరు చూసి, అవసరమనుకుంటే పెద్దాసుపత్రికి రాసిస్తారు. పైగా పెన్షన్‌తో పాటు నెలనెలా వచ్చే మందుల భత్యం వదులుకోవాలి. చిల్లర డబ్బే. కానీ ఏ మందూ వాడని మా అమ్మ దాంతో మల్లెపూలూ, వారపత్రికా కొనుక్కునేది. అవే తన ఆరోగ్యమని వాదించేది.

సరే, చూడకుండా ఏదీ కాదనకూడదు కదా అని ఒక పొద్దున్న అమ్మా, ఖాలా డిస్పెన్సరీ చూసి రావడానికి వెళ్ళారు. నేను బ్యాచ్ ముగించుకుని వచ్చేసరికి అమ్మ మొహం ముడుచుకుని కూర్చుంది.

"ఎలా ఉంది?"

"అందరూ ముసలివాళ్ళేనే!"

"నువ్వో?"

"నేను పెద్దదాన్ని. వాళ్ళు ముసలివాళ్ళు."

ఖాలా చెప్పిన దాన్ని బట్టి జరిగింది ఇది. అక్కడ బెంచీల మీద రిటైరైన ఆఫీసర్లంతా తమ తమ పాత హోదాల ప్రకారం కూర్చుని ఉన్నారట. వాళ్ళలో ఒకాయన అమ్మని పైకీ కిందకీ చూసి, "మీ వారిది ఏ గ్రేడు?" అని అడిగాడట. అమ్మ, "పోయిన గ్రేడండీ," అని వచ్చేసింది.

దాంతో కార్డు సంగతి అటకెక్కింది. మళ్ళీ పాలసీ కాగితాలు దిగాయి. ఈసారి అమ్మ కొత్త పద్ధతి పెట్టింది. ఏజెంటు ఇచ్చిన ఆసుపత్రుల జాబితా చేతిలో పట్టుకుని, "చీర కొనే ముందు మడత విప్పి చూస్తాం కదా. ఆసుపత్రి చూడకుండా పాలసీ ఎలా తీసుకుంటాం?" అంది. ఖాలా సరేనంది. నాకు ఆదివారం సెలవు. నన్నూ తీసుకుపోయారు.

పంజాగుట్టలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, ఆసుపత్రులూ, పరీక్షల ల్యాబులూ, మందుల షాపులూ, శ్మశానమూ అన్నీ నడిచేంత దూరంలోనే ఉంటాయి. ఎక్కడ ఆగాలన్నది మన అదృష్టం. సాయంత్రం రోగుల్ని చూసే వేళకి మేం బయల్దేరాం. ఉత్త చేతులతో పోతే అనుమానిస్తారని అమ్మ ఒక సంచీలో ఆపిల్స్ పెట్టింది. పరీక్ష అంశాలు ముందే పంచుకున్నారు. అమ్మది క్యాంటీన్. ఖాలాది బాత్రూములు. నాది లిఫ్టు, ఎందుకంటే నేను చదువుకున్నదాన్ని.

మొదటి ఆసుపత్రిలో సాంబారు నీళ్ళగా ఉంది. తీసేశాం. రెండోదాంట్లో సాంబారు బాగుంది గాని, ఖాలా బాత్రూములోంచి ముక్కు మూసుకుని వచ్చి తల అడ్డంగా ఊపింది. అదీ పోయింది. మూడోది సోమాజిగూడ వైపు. గాజు తలుపులు, లోపల చల్లగా. తలుపు దగ్గరున్న గార్డు ఆపాడు.

"పేషెంట్ పేరు?"

మాకెవరికీ తట్టని విషయం అది. అమ్మ తడుముకోకుండా నోటికొచ్చిన పేరు చెప్పింది. గోదావరి జిల్లాల్లో ఇంటికొకరుండే పేరు. గార్డు వేలితో కాగితం మీద వెతికి, "రెండో అంతస్తు, చివరి గది. జల్దీ రావాలె," అన్నాడు.

ముగ్గురం మొహాలు చూసుకున్నాం. వెనక్కి తిరిగితే దొరికిపోతాం. పైకెళ్ళాం. లిఫ్టు బాగుంది.

చివరి గది మంచం మీద డెబ్భై ఏళ్ళ పెద్దాయన, కాలికి పెద్ద కట్టుతో ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచి కూర్చోబోయాడు. మీట నొక్కితే లేచే మంచమే, కానీ మీట పనిచెయ్యలేదు. నేను వెనక దిండు పెట్టాను.

"రండి, రండి. మీరు మా ఆవిడ తరఫు వాళ్ళా?"

"అవునండీ," అంది అమ్మ.

"ఆవిడ పోయిన పదేళ్ళకి గుర్తొచ్చానన్నమాట." ఆయన బురఖాలో ఉన్న ఖాలా వైపు చూశాడు. "ఈవిడ?"

"ఈవిడా మీ ఆవిడ తరఫేనండీ."

ఆయన తల ఊపాడు. "మా ఆవిడకి స్నేహితులు ఎక్కువే లెండి," అన్నాడు.

ఖాలా ఆపుకోలేక నవ్వేసింది. ఆ నవ్వుతో మా నాటకం కూలిపోయింది. అమ్మ సిగ్గుపడుతూ నిజం చెప్పేసింది, ఆడపడుచు దగ్గర్నుంచి సాంబారు దాకా. ఆయన కోప్పడలేదు. రెండు రోజులుగా కూతురూ, నర్సూ తప్ప మనిషి మొహం చూడలేదని, కాసేపు కూర్చోమని కుర్చీలు చూపించాడు.

"టిఫిన్ ఏం కావాలని అడుగుతారటగా? ఇడ్లీనా, ఉప్మానా అని?" అంది అమ్మ, వచ్చిన పని మర్చిపోకుండా.

"అడుగుతారమ్మా. ఏది చెప్పినా ఉప్మాయే తెస్తారు."

తర్వాత ఆయన తన సంగతి చెప్పాడు. ఆయనకి చాన్నాళ్ళుగా షుగరు. కాలి పుండు ముదిరి వేలు తియ్యాల్సొచ్చింది. ఒక సర్కారు కంపెనీ పాలసీ కొన్నేళ్ళుగా ఉంది. తీసుకునేటప్పుడు, "ఏమైనా జబ్బులున్నాయా?" అన్న ప్రశ్నలన్నిటికీ లేదు, లేదు, లేదు అని రాశాడు. ఏజెంటు అలాగే రాయమన్నాడు, ఈయనా సరేనన్నాడు. ఇప్పుడు ఆసుపత్రివాళ్ళు పాత మందుల చీటీ ఒకటి పంపితే, జబ్బు దాచిపెట్టారని కంపెనీ మొత్తం క్లెయిమ్ కొట్టేసింది. కూతురు కింద బిల్లు కౌంటర్లో ఉంది.

"ఉందని రాసుంటే కొన్నేళ్ళు ఆగి ఇచ్చేవాళ్ళు. ఆ కొన్నేళ్ళూ ఎప్పుడో అయిపోయేవి కూడా. లేదని రాశాను కాబట్టి ఇక ఎప్పటికీ ఇవ్వరు," అన్నాడు. గొంతులో బాధకంటే విసుగే ఎక్కువగా ఉంది.

అమ్మ సంచీలోంచి ఆపిల్స్ తీసి, షుగరని గుర్తొచ్చి, ఒక్కటి మాత్రం ఆయన పక్కన పెట్టింది. "ముక్కలు కోసుకుని మెల్లగా తినండి," అంది. నిజంగా బంధువులం అయిపోయినట్టే.

ఆ రోజు తర్వాత అమ్మ ఆసుపత్రులు చూడటం మానేసింది. పెద్దవాళ్ళ స్పెషల్ పాలసీకే అప్లికేషన్ పెడదామంది. ఖాలాకీ బుద్ధి పుట్టింది. "పెన్షన్ లేదు, కార్డు లేదు. సొంతిల్లున్నది కాబట్టి తెల్ల రేషన్ కార్డు లేదు, దాని మీద ఇచ్చే ఫ్రీ వైద్యం సుత లేదు. నాకేం ఉన్నది? నేను సుత తీస్కుంట," అంది. అప్పట్లో ఆ సందులో తెల్ల కార్డు లేని ఇంటి ఓనరు ఆవిడొక్కతే అయ్యుంటుంది.

కంపెనీవాళ్ళు ఇద్దరినీ పరీక్షలకి పంజాగుట్ట ల్యాబుకి పంపారు. ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. ఖాలా మా అమ్మ కంటే పెద్దది. తెల్లారకుండానే మేక కాళ్ళ పాయా తింటుంది, చాయ్‌లో చెంచా నిలబడేంత చక్కెర వేసుకుంటుంది, పాన్ నోట్లో లేకపోతే మాట రాదు. మా అమ్మ శనివారాలు ఒంటిపూట, ఏకాదశికి ఉపవాసం, నూనె చూస్తేనే దిగులు. రిపోర్టులొచ్చాయి. ఖాలా అన్నిట్లోనూ పాసు. అమ్మకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. షుగరైతే బాగా ఉంది.

"పాలసీ మాటెత్తక ముందు నాకు షుగరు లేదు," అంది అమ్మ. "ఆ కాగితం వచ్చాకే వచ్చింది."

ఖాలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది. కానీ మధ్యాహ్నం నేను కోచింగ్ సెంటర్ నుంచి వచ్చి చూస్తే, అమ్మ అన్నం కలుపుకుని తినకుండా కంచం ముందు కూర్చుని ఉంది.

"మీ నాన్నకి కూడా ముందే ఉండి ఉంటుందా? మనమెవరం చూపించలేదు కదా," అంది.

నాన్న ఒక పొద్దున్న స్నానానికి వెళ్తూ పడిపోయారు. మళ్ళీ లేవలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగినా ఆ ఊళ్ళో చెప్పేవాళ్ళు లేరు. నేను అమ్మ పక్కన కూర్చున్నాను. ఆవిడ కంచంలోంచి సగం అన్నం నేను తిన్నాను. మిగతా సగం ఆవిడ చేత తినిపించాను.

ఏజెంటు వచ్చి రిపోర్టు చూశాడు. చూసి కిటికీ తలుపు దగ్గరగా వేశాడు, గూఢచారిలా.

"అమ్మా, ఏం కాదు. మూడు నాలుగొద్దులు బువ్వ బంద్ పెట్టుండ్రి. ఇంకో ల్యాబుల చేపిద్దాం. గీ రిపోర్టు మనం చూడనే లేదు అనుకుందాం."

అమ్మ రిపోర్టు కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. నేను ఒప్పుకుంటుందేమో అనుకున్నాను. ఆడపడుచుతో పోటీలో మా అమ్మ గతంలో ఇంతకంటే పెద్ద పనులు చేసింది.

"వద్దు నాయనా," అంది చివరికి. "ఆ రెండో అంతస్తు పెద్దాయన్ని చూశాను. ఉందని రాయి."

"రాస్తే మీకే నష్టం అమ్మా."

"నువ్వు రాయి. షుగరుంది, బీపీ ఉంది, ఆడపడుచు కూడా ఉంది."

మూడోది రాయడానికి గడి లేదన్నాడు. కొన్నాళ్ళకి కంపెనీ నుంచి జవాబొచ్చింది. పాలసీ ఇస్తారు. కానీ షుగరు, బీపీ, వాటివల్ల వచ్చేవేవీ మొదటి నాలుగేళ్ళు వర్తించవు. వాటివల్ల వచ్చేవి ఏమిటో కూడా రాశారు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది.

"గుండె, కిడ్నీలు, కళ్ళు, నరాలు, మెదడు... అంటే నన్ను వదిలేసి, నా జుట్టుకీ గోళ్ళకీ ఇచ్చారన్నమాట."

ఆ కాగితం మడిచి ఏజెంటుకి తిరిగిచ్చేసింది. అతను ఏమీ అనుకోలేదు. ఖాలా పాలసీ ఎలాగూ దక్కింది.

అలా మా అమ్మ, ఏ ముసలివాళ్ళని చూసి పారిపోయి వచ్చిందో వాళ్ళ మధ్యకే వెళ్ళింది. కార్డుకి కావలసిన కాగితాల కోసం నేను రెండు ఆఫీసుల మధ్య బాగానే తిరిగాను. ఆ కథంతా చెప్తే ఎవరికీ కొత్తగా ఉండదు. మల్లెపూల భత్యం పోయినందుకు ఒక వారం అమ్మ నాతో ముక్తసరిగా మాట్లాడింది. డిస్పెన్సరీలో డాక్టరమ్మ మొదటి రోజే, "ఇన్నేళ్ళూ ఏం చేశారు? ఒక్కసారి కూడా చూపించుకోలేదా?" అని గట్టిగా కోప్పడిందిట. అమ్మ ఇంటికొచ్చి ఆ సంగతి గర్వంగా చెప్పింది. ఆవిణ్ని ఒకరు ఆరోగ్యం గురించి కోప్పడటం అదే మొదలు.

రెండు మూడు నెలలకి ఆ బెంచీల మీద అమ్మ రాజ్యం స్థిరపడింది. గ్రేడు అడిగిన పెద్దాయనే పొద్దున్నే వెళ్ళి ఆవిడకి టోకెన్ తీసి ఉంచేవాడు. బదులుగా అమ్మ ఆయనకి మెంతిపొడి పట్టుకెళ్ళేది. ఎవరికి ఏ మాత్ర పడలేదో, ఎవరి కోడలు ఏమందో, ఏ ఆసుపత్రికి రాయించుకుంటే వెయిటింగ్ తక్కువో అన్నీ ఆవిడకి నోటికొచ్చు. షుగరు అదుపులోకొచ్చింది. అదుపు తప్పిందల్లా మా ఇంటికి వచ్చే ఫోన్లే. నన్ను అడగాల్సినవాళ్ళు కూడా మా అమ్మనే అడిగేవాళ్ళు.

ఇక ఖాలా. వానలు మొదలయ్యాక ఆవిడకి జ్వరం పట్టుకుంది. హాస్టల్ వెనక నీళ్ళ డ్రమ్ములన్నీ దోమల కాలేజీలు. పరీక్షిస్తే డెంగీ. ఏజెంటు చెప్పిన లెక్క ప్రకారం మొదటి ఏడాదికి సరైన జబ్బే. కానీ ఆ రెండు మూడు రోజులూ ఎవరికీ నవ్వు రాలేదు. రక్తంలో కణాలు పడిపోతూ ఉన్నాయి. గడగడా మాట్లాడే మనిషి కళ్ళు తెరవడానికే కష్టపడింది. జహీరాబాదులో ఉన్న కూతురు వచ్చేదాకా అమ్మే ఆసుపత్రిలో పక్కన కూర్చుంది.

చేర్చుకునేటప్పుడు కౌంటర్లో అమ్మాయి తియ్యగా చెప్పింది: "ఒక్కరే ఉండే ఏసీ గది ఖాళీగా ఉంది మేడం. టీవీ ఉంటుంది. ఇప్పిస్తాను."

నేను అమ్మ వైపు చూశాను. ఆవిడ చూపు ఒక్క క్షణం ఎటో పోయి వచ్చింది.

"వద్దమ్మా. పాలసీలో ఎంత గది ఉందో అంతే ఇవ్వండి. పైది తీసుకుంటే మొత్తం బిల్లు కోస్తారు."

ఇద్దరుండే గది ఇచ్చారు. పక్క మంచం మీదావిడ గురక పెట్టేది. అమ్మ ఆవిడకీ మజ్జిగ తెచ్చిపెట్టేది.

నాలుగో రోజుకి ఖాలా కళ్ళు తెరిచి, పాన్ అడిగింది. బతికిందని అందరికీ నమ్మకం కుదిరింది. ఇంటికి పంపుతామన్నారు. పొద్దున్నే డాక్టరు పొమ్మన్నా, బీమా కంపెనీ నుంచి ఒప్పుకోలు వచ్చేదాకా కదలనివ్వలేదు. ఖాలా, ఆవిడ కూతురు, నేను మంచం మీద సంచులతో కూర్చున్నాం, బస్టాండులో కూర్చున్నట్టు. మధ్యాహ్నం దాకా ఫోను రాలేదు. అమ్మ కిందకి దిగి బీమా కౌంటరు ముందు నిలబడింది.

"ఆమె మీకేమవుతారు?" అని అడిగాడు కౌంటర్లో కుర్రాడు.

"అక్క."

అతను ఖాలా పేరున్న కాగితం చూశాడు. అమ్మ బొట్టులేని నుదురు చూశాడు, మెళ్ళో తులసిపూసలు చూశాడు. అక్క అనే రాసుకున్నాడు.

"మీరు కంపెనీకి పంపిన కాగితాల్లో పాలసీ నంబరు సరిగా వేశారో లేదో చూడండి నాయనా," అంది అమ్మ. డిస్పెన్సరీ బెంచీ మీద నేర్చుకున్న చదువు అది. కుర్రాడు చూశాడు. ఒక అంకె తప్పుంది. సరిచేసి మళ్ళీ పంపితే కాసేపటికే ఒప్పుకోలు వచ్చేసింది. ఖాలా తన వాటా డబ్బులు నడుముకి కట్టుకున్న బట్వాలోంచి తీసి కట్టింది. అది తక్కువో ఎక్కువో నాకు చెప్పలేదు. కానీ లెక్కపెట్టేటప్పుడు ఆవిడ పెదాలు తిట్లకే కదిలాయి.

బయటికొచ్చేసరికి చినుకులు. ఆటో ఎక్కామే గాని పంజాగుట్ట చౌరస్తా దగ్గర బండ్లు కదలడం లేదు. ఎదురుగా ఇరానీ హోటల్. ఖాలా ఆటో ఆపించింది. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడని కూతురు వాదించింది, ఆవిడ వినలేదు. "గీ ట్రాఫిక్‌ల కూర్చుంటే రెస్ట్ కాదా?" అని ముందు తనే దిగింది.

బల్ల దగ్గర కూర్చున్నాక ఖాలా కౌంటరు వైపు తిరిగి అరిచింది. ఆ అరుపు విని నాకు ప్రాణం లేచి వచ్చింది.

"భాయ్, నాలుగు చాయ్. ఒకటి చక్కెర లేకుండ, మా చెల్లెకి."

"చక్కెర లేకుండ చాయ్ ఉండదు ఖాలా. అంత ఒక్క దాన్లనే కలిపినం," అన్నాడు అతను.

"అయితే అట్లనే తే."

అమ్మ ఒక్క గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది. ఇంకో గుక్క తాగింది. డిస్పెన్సరీలో డాక్టరమ్మకి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. సగం కప్పు మిగిలిందనగా దాన్ని నా వైపు తోసేసి, "ఇంద, తాగు. నాకు చాల్లే," అని బయట వానని చూస్తూ కూర్చుంది. ఖాలా ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచి, మెత్తబడిన ముక్క జారి కప్పులో పడిపోతే, చెంచా అడగకుండా వేలితో తీసుకుని తింది.